మోకాళ్ల నొప్పికి సూది వేయించుకుంటే పాదం పడిపోయింది. అసలు సూది వేసే హక్కు, మందు రాసే హక్కు ఎవరికుంది?

వర్ధన్నపేట_పోరడు | ఆదివారం రాత్రి 9:42

అందరికీ నమస్తే. కాస్త పెద్ద పోస్టు, ఓపిక పట్టండి.

మా బాపుకు 61 ఏళ్లు. నాట్లప్పుడు నాలుగు రోజులు నారు కట్టలు మోస్తే మోకాళ్లు, నడుము పట్టేశాయి. ఎప్పటిలాగే ఊరి ఆర్ఎంపీ సారును పిలిచాం. బండి మీద వచ్చి, బాపును నిలబెట్టే కుడి పిర్రకు రెండు సూదులు వేశాడు. రెండోది దిగుతుండగానే కరెంటు కొట్టినట్టు కాలి వేళ్ల దాకా జివ్వుమందని బాపు అరిచాడు. "మందు మంట, ఏం కాదు" అని దూదితో రుద్ది, గోలీలిచ్చి, 150 తీసుకుని పోయాడు.

తెల్లారి బాపు బాయి దగ్గరికి పోతుంటే కుడి కాలి చెప్పు ఊడిపోతోంది. తొడుక్కుంటాడు, రెండడుగులు వేస్తాడు, మళ్లీ ఊడుతుంది. చూస్తే పాదం ముందు భాగం పైకి లేవడమే లేదు.

హన్మకొండలో నరాల డాక్టర్‌కు చూపించాం. ఆయన అడిగిన మొదటి మాట: "ఏం సూది వేశారు?" నా జేబులో ఉన్నది క్యాలెండర్ చింపిన ముక్క. దాని మీద "1-0-1, 5 రోజులు" అని ఉంది. మందు పేరు లేదు, రాసినాయన పేరు లేదు. తేదీ కూడా లేదు గానీ వెనక జూన్ నెలంతా ఉంది.

ఇక్కడే నాకు ఎటూ తేలడం లేదు. మూడేళ్ల కింద అవ్వకు రాత్రి ఒంటిగంటకు ఆయాసం వస్తే ఆటో మాట్లాడి, పక్కన కూర్చుని వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి తీసుకుపోయింది కూడా ఈ ఆర్ఎంపీ సారే. అందుకే ఆయన పేరు, ఊరి పేరు చెప్పను. నేను అడిగేది ఒక్కటే. చట్టం ప్రకారం మందు రాయాల్సింది ఎవరు, సూది వేయాల్సింది ఎవరు? కాంపౌండర్, నర్సు, ఏఎన్ఎం, మెడికల్ షాపు, ఆయుర్వేదం డాక్టర్, ఆర్ఎంపీ... ఎవరి గీత ఎక్కడ?

పీహెచ్‌సీ_డ్యూటీ | ఆదివారం రాత్రి 10:15

తమ్ముడూ, ముందు బాపు కాలు సంగతి. పిర్ర లోపలి నుంచి వేలు లావు నరం ఒకటి కాలిలోకి దిగుతుంది. సూది పిర్రకు పైభాగంలో బయటి వైపు వేయాలి. నిలబెట్టి, లుంగీ కొంచెం కిందికి జరిపి వేస్తే చోటు తప్పడం చాలా తేలిక. సూది దిగుతున్నప్పుడే జివ్వుమందంటే నరానికో, నరం పక్కనో తగిలిందనుకోవాలి. అప్పుడే ఆపి సూది బయటికి తీయాలి. డైక్లోఫెనాక్ అనే నొప్పి సూదితో ఇలాంటి కేసులు మేం కొత్తగా చూడడం లేదు.

పాదానికి పట్టీ (స్ప్లింట్) వేయించండి, ఫిజియోథెరపీ ఇవాళే మొదలుపెట్టండి. నరాల పరీక్ష దెబ్బ తగిలిన మూడు వారాలకు చేస్తేనే సరిగ్గా తెలుస్తుంది, మీ డాక్టర్ వెంటనే చేయించలేదంటే అందుకే ఆగమని ఉంటారు. నెలలు పట్టొచ్చు. చాలామందికి ఎంతో కొంత తిరిగి వస్తుంది.

ఇక చట్టం. నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం 2019, సెక్షన్ 34. రాష్ట్ర రిజిస్టర్‌లో గానీ జాతీయ రిజిస్టర్‌లో గానీ పేరు లేనివాళ్లు ఇంగ్లీషు వైద్యం చేయకూడదు. చేస్తే ఏడాది వరకు జైలు, లేదా 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. తమాషా ఏమిటంటే ఆర్ఎంపీ అంటేనే "రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్". చట్టం లెక్కన ఆర్ఎంపీని నేను. ఊళ్లో ఆర్ఎంపీ అని పిలిచే ఆయన పేరు ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు.

అడ్డగోలు_అనుమానం | ఆదివారం రాత్రి 10:31

మా అవ్వకు పూటపూటా ఇన్సులిన్ పొడిచేది నేనే. నాకు కూడా ఏడాదేనా సార్?

పీహెచ్‌సీ_డ్యూటీ | ఆదివారం రాత్రి 10:36

కాదు 🙂 మోతాదు డాక్టర్ రాశాడు, నీకు నేర్పించారు, మీ అవ్వకే వేస్తున్నావు. అది వైద్య వృత్తి కాదు, సేవ. ఊళ్లో నలుగురి షుగరు నువ్వే చూసి యూనిట్లు పెంచడం, తగ్గించడం మొదలుపెట్టావనుకో, అప్పుడు మాట్లాడుకుందాం.

చిట్టీ_ఉంటేనే_మందు | ఆదివారం రాత్రి 11:20

నేను హన్మకొండలో ఫార్మసిస్టును. బీ ఫార్మసీ, కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉంది. మందుల చట్టం 1940 నాటిది, దాని రూల్స్ 1945 నాటివి. షెడ్యూల్ హెచ్ మందులు డాక్టర్ చిట్టీ లేకుండా అమ్మకూడదు. ఇంకా కట్టుదిట్టమైన హెచ్1 లిస్టు మందులైతే అట్టపెట్టె మీద ఎర్ర గీతల గడిలో హెచ్చరిక ఉంటుంది. 2014 మార్చి నుంచి వీటికి వేరే రిజిస్టర్. రాసిన డాక్టర్ పేరు, రోగి పేరు, మందు, ఎన్ని ఇచ్చాం, అన్నీ రాసి మూడేళ్లు దాచాలి. ఊళ్లల్లో జ్వరమొస్తే పొడిచే సెఫ్ట్రియాక్సోన్ యాంటీబయాటిక్ ఈ లిస్టులోదే. ట్రమడాల్ (నొప్పి మందు), ఆల్ప్రాజోలం (మత్తు మందు) కూడా. ఆల్ప్రాజోలం గురించి మన దగ్గర చెప్పక్కర్లేదు, కల్తీ కల్లు కేసుల్లో పేపర్ చదివే ప్రతివాళ్లకూ తెలుసు.

ఇది రూలు. ఇప్పుడు కౌంటర్ దగ్గర ఏం జరుగుతుందో చెప్తా. సాయంత్రం ఏడు గంటలకు ఒకాయన ఖాళీ స్ట్రిప్ తెచ్చి "గిదే ఇయ్యి" అంటాడు. చిట్టీ అడిగితే "పోయినసారి ఇచ్చినవు గద" అంటాడు. ఇవ్వకపోతే పక్క షాపు ఉండనే ఉంది. ఆ పక్క షాపులో గోడకు తగిలించిన సర్టిఫికెట్ ఒకరిది, కౌంటర్‌లో ఇంటర్ చదివిన పిల్లవాడు ఇంకొకడు. సర్టిఫికెట్ నెలకు ఇంత అని అద్దెకు నడుస్తుంది. ఫార్మసీ చట్టం 1948 సెక్షన్ 42 చూస్తే డాక్టర్ చిట్టీకి మందు తీసి ఇచ్చేది రిజిస్టర్డ్ ఫార్మసిస్టే అయి ఉండాలి. మా వాళ్ల తప్పు మేం ఒప్పుకోకుండా ఆర్ఎంపీలను మాత్రమే తిట్టడం నాకు నచ్చదు.

సూది వేయమని మా షాపుకు కూడా వస్తారు. మాకు ఆ హక్కు లేదు. "అమ్మేటోనికి ఏసుడు రాదా" అని నవ్వుతారు.

ఊరి_వైద్యం_22ఏండ్లు | సోమవారం ఉదయం 6:05

నేను ఆర్ఎంపీనే. తిట్టుకోండి, కానీ ముందు వినండి.

పదో తరగతి తర్వాత వరంగల్‌లో ఒక పెద్ద డాక్టర్ దగ్గర ఆరేళ్లు కాంపౌండర్‌గా ఉన్నాను. కట్లు కట్టడం, సెలైన్ పెట్టడం, ఎవరిని వెంటనే పంపించాలో చూడడం అక్కడే నేర్చుకున్నాను. వైఎస్ ప్రభుత్వ కాలంలో మాకు శిక్షణ ఇచ్చి కమ్యూనిటీ పారామెడిక్ అని గుర్తిస్తామన్నారు. కొందరికి క్లాసులు జరిగాయి, తర్వాత ఆగిపోయింది. ఆ తర్వాత వచ్చిన ప్రతి ఎన్నికల్లో మా మీటింగులకు నాయకులు వచ్చి మాటిచ్చారు. ఇప్పుడు మెడికల్ కౌన్సిల్ వాళ్లు వచ్చి తనిఖీలు చేసి కేసులు పెడుతున్నారు. మేం బోర్డులు తీసేసి "ప్రథమ చికిత్స కేంద్రం" అని రాయించుకున్నాం.

ఆ రైతుకు జరిగింది తప్పే. నిలబెట్టి సూది వేయడం నేనైతే చేయను. కానీ రాత్రి తొమ్మిదింటికి జ్వరంతో వణికే పిల్లను ఎత్తుకుని తల్లి నా గడప ముందు నిలబడితే చట్టం పుస్తకం తీసి చూపించాలా?

పీహెచ్‌సీ_డ్యూటీ | సోమవారం ఉదయం 7:50

అన్నా, పారాసిటమాల్ ఇచ్చి, తడిబట్టతో తుడిపించి, 108కి ఫోన్ చేస్తే మీకు నేనే దండం పెడతాను. నా గొడవ దాని మీద కాదు. పోయిన వారం నా దగ్గరికి వచ్చిన కుర్రాడి సంగతి చెప్తా. నాలుగు రోజుల జ్వరం. రోజుకో డైక్లో, డెక్సా (స్టెరాయిడ్) సూది. డెక్సాతో జ్వరం పూటలో దిగుతుంది, ఆకలేస్తుంది, "సారు చేతి గుణం మంచిది" అంటారు. లోపల మాత్రం డెంగ్యూ. డెంగ్యూలో డైక్లోఫెనాక్ వేస్తే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. నా దగ్గరికి వచ్చేసరికి చిగుళ్ల నుంచి రక్తం. ఎంజీఎంకు పంపించాను, బతికాడు. ఏం వేశారో చెప్పడానికి చీటీ ముక్క కూడా లేదు.

ఇంకొకటి. కార్పొరేట్ దవాఖాన పీఆర్‌ఓలు మీకు ఇచ్చే కమీషన్ సంగతి కూడా రాయండి.

ఊరి_వైద్యం_22ఏండ్లు | సోమవారం ఉదయం 8:30

రాస్తా సార్. తీసుకున్నాను. ఇచ్చిందెవరు? రిజిస్టర్‌లో పేర్లున్నవాళ్లే కదా.

పీహెచ్‌సీ_డ్యూటీ | సోమవారం ఉదయం 8:34

... దీనికి నా దగ్గర జవాబు లేదు.

స్టాఫ్‌నర్స్_కరీంనగర్ | సోమవారం మధ్యాహ్నం 2:10

రాత్రి డ్యూటీ దిగి, పడుకుని లేచి ఇదంతా చదివాను. అందరూ డాక్టర్, ఆర్ఎంపీ అంటున్నారు గానీ రోజుకు వంద సూదులు వేసే మా మాట ఎవరూ ఎత్తలేదు.

నా చేతికి సూది ఉంది, పెన్ను లేదు. డాక్టర్ రాసిన దాన్ని వేయడం నా పని. కానీ రాత్రి రెండింటికి పేషెంట్ బీపీ పడిపోతే డ్యూటీ డాక్టర్ ఫోన్లో "ఫలానాది పెట్టు సిస్టర్, పొద్దున సంతకం చేస్తా" అంటాడు. పెడతాను. పొద్దున అంతా బాగుంటే సంతకం పడుతుంది. బాగా లేకపోతే "నేనెప్పుడు చెప్పాను?" అంటాడు. అందుకే ఫోన్ వచ్చిన టైమ్, చెప్పిన మాట కేస్ షీటులో రాసి పక్కన ఇంకో సిస్టర్‌తో సంతకం పెట్టించుకుంటాను. ఇది నాకు ఏ కాలేజీలో నేర్పలేదు, ఒకసారి మెమో తీసుకున్నాక నేర్చుకున్నాను.

డాక్టర్ కానివాళ్లకు ఏ మందూ చేతికివ్వకూడదు అనేవాళ్లకు ఒక మాట. పుట్టిన బిడ్డకు ఇన్‌ఫెక్షన్ వచ్చి, పెద్దాసుపత్రికి తీసుకుపోయే వీలు లేకపోతే ఏఎన్ఎం జెంటామైసిన్ సూది వేయొచ్చని 2014లో కేంద్రమే మార్గదర్శకాలు ఇచ్చింది. గుర్రపువాతం (బీపీ పెరిగి ఫిట్స్ రావడం) ముప్పున్న గర్భిణికి మెగ్నీషియం సల్ఫేట్ మొదటి మోతాదు ఏఎన్ఎం ఇచ్చి పంపించొచ్చు. ఏ రోగికి, ఏ మందు, ఎంత, ఆ తర్వాత ఎక్కడికి పంపాలి, అన్నీ రాసి ఉంటాయి. 2017లో మా కరీంనగర్‌లోనే నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలైంది. కాన్పు మామూలుగా సాగితే వాళ్లే చూస్తారు, తేడా వస్తే డాక్టర్‌ను పిలుస్తారు. గీత ఎక్కడుందో అందరికీ తెలుసు కాబట్టి గొడవ లేదు.

పల్లెదవాఖాన_ఆయుర్వేదం | సోమవారం సాయంత్రం 5:45

నా కష్టం కూడా వినండి. డిగ్రీ బీఏఎంఎస్. ఆరు నెలల కమ్యూనిటీ హెల్త్ కోర్సు చేయించి పల్లె దవాఖానలో పెట్టారు. అల్మారాలో ఉన్నవన్నీ ఇంగ్లీషు మందులే, లిస్టు ప్రకారం ఇస్తాను. వచ్చినవాళ్లకు మాత్రం నా చదువుతో పని లేదు, నా మందుతోనూ లేదు. "సూది లేదా? మరి ఎందుకొచ్చినట్టు?" అని మొహం మీదే అడిగి, ఆర్ఎంపీ దగ్గరికి పోయి పొడిపించుకుంటారు. గోలీతో పోయే జ్వరానికి సూది కావాలనే పిచ్చి మన జనంలో ఉన్నన్నాళ్లు...

అడ్డగోలు_అనుమానం | సోమవారం సాయంత్రం 6:02

సూది వేస్తే 150 గిట్టుబాటు, గోలీ రాస్తే ఏం లేదు. పిచ్చి జనంలోనే ఉందంటారా డాక్టర్ గారూ?

కోర్టు_మెట్లు | సోమవారం రాత్రి 9:15

హన్మకొండలో లా చదివాను. పైన సగం సగం చెప్పినవి కలుపుతాను.

డిగ్రీ ఉన్నంత మాత్రాన అన్నీ రాయొచ్చు అనుకోవద్దు. 1996లో పూనమ్ వర్మ కేసులో హోమియో డాక్టర్ ఒకాయన జ్వరానికి అల్లోపతి మందులిచ్చాడు, మనిషి పోయాడు. తనకు అర్హత లేని వైద్య విధానంలో మందులివ్వడమే నిర్లక్ష్యం, వేరే రుజువు అక్కర్లేదు అని సుప్రీంకోర్టు తేల్చింది. 1998లో ముఖ్తియార్ చంద్ కేసులో, రాష్ట్ర చట్టం ఒప్పుకున్న చోట, అది ఒప్పుకున్న మేరకే ఇతర విధానాల డాక్టర్లు ఇంగ్లీషు మందులు రాయొచ్చంది. అందుకే ఈ విషయంలో మహారాష్ట్ర రూలు ఒకలా, మనది ఒకలా.

సిస్టర్ చెప్పిన ఏఎన్ఎం సంగతికి చట్టంలోనే చోటుంది. రూల్స్‌లో షెడ్యూల్ కె అని ఒకటుంది. సబ్‌సెంటర్ సిబ్బంది, నర్సులు, అంగన్‌వాడీ వాళ్లు ప్రభుత్వ కార్యక్రమం కింద ఇచ్చే మందులకు అమ్మకం లైసెన్స్ అక్కర్లేదు. డాక్టర్ తన సొంత రోగికి మందిచ్చుకోవడానికీ అందులోనే మినహాయింపు. ఆర్ఎంపీ సంచిలోని సరుకుకు ఏ మినహాయింపూ లేదు. లైసెన్స్ లేకుండా అమ్మకానికి మందులు దాస్తే అయిదేళ్ల దాకా జైలు పడొచ్చు. డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు పట్టుకునేది ఈ లెక్కనే. అయితే ఆ సంచి నింపే హోల్‌సేల్ వాళ్ల దాకా ఎన్ని కేసులు పోతాయన్నది నా ప్రశ్న.

మరో సంగతి. 2019 చట్టంలోనే సెక్షన్ 32 ఉంది. కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్ అని పరిమిత లైసెన్స్. ప్రాథమిక వైద్యంలో నిర్ణయించిన మందులు సొంతంగా, మిగతావి డాక్టర్ పర్యవేక్షణలో రాయొచ్చు. మొత్తం డాక్టర్లలో మూడో వంతుకు మించకూడదు. అది కాగితం మీదే ఉండిపోయింది. అస్సాం మూడేళ్ల డిప్లొమాతో గ్రామీణ వైద్యులను తయారుచేస్తే, 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఆ రాష్ట్ర చట్టం చెల్లదంది. అంటే మధ్య మెట్టు కట్టుకోవచ్చు గానీ కేంద్ర చట్టాన్ని దాటి రాష్ట్రం ఒక్కటే కట్టలేదు.

వర్ధన్నపేట తమ్ముడూ, ఫిర్యాదు చేయాలంటే తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌కు, డ్రగ్స్ కంట్రోల్ వాళ్లకు రాయొచ్చు. వినియోగదారుల కమిషన్‌కు పోవాలంటే రెండేళ్ల గడువు. వెళ్లినా వెళ్లకపోయినా కాగితాలు పారేయకు. ఆ క్యాలెండర్ ముక్క కూడా.

కన్నాయిగూడెం_బడిపంతులు | సోమవారం రాత్రి 10:40

మీరంతా హన్మకొండ చుట్టూ తిరుగుతున్నారు. ఒకసారి ఏటూరునాగారం దాటి రండి. ములుగులో మెడికల్ కాలేజీ వచ్చింది, సంతోషం. వాన గట్టిగా పడితే వాగు దాటడమే కష్టం. 2023 జూలైలో జంపన్నవాగు పొంగి ఏం చేసిందో కొండాయి ఊరివాళ్లను అడగండి.

మా గూడెంలో జ్వరమొస్తే వేలికి పొడిచి, చుక్క రక్తంతో మలేరియా పరీక్ష చేసి, మందు మొదలుపెట్టేది ఆశా అక్క. ఆమె చదివింది పదో తరగతి. పట్టీ మీద రెండు గీతలు చూసి, వయసును బట్టి ఏ రంగు అట్ట తీయాలో ఆమెకు కంఠతా వచ్చు. గోలీ తన ముందే మింగిస్తుంది, పుస్తకంలో రాస్తుంది. డెక్సా ఇవ్వదు, ఆమె సంచిలో అది ఉండదు. తేడా ఇక్కడే ఉందని నాకనిపిస్తుంది. ఆర్ఎంపీకీ ఆశాకూ చదువులో పెద్ద తేడా లేదు. ఈమె సంచిలో ఏముండాలో ఎవరో కూర్చుని ఆలోచించారు, ఆయన సంచి సంగతి ఎవరూ చూడలేదు.

అడ్డగోలు_అనుమానం | సోమవారం రాత్రి 11:05

అయితే ఆర్ఎంపీలందరికీ శిక్షణ ఇచ్చేస్తే సరి అంటారా? పశ్చిమ బెంగాల్‌లో బీర్భూమ్ జిల్లాలో ఆ పని చేసి చూశారు. 304 మందిని తీసుకుని, సగం మందికి తొమ్మిది నెలలు క్లాసులు చెప్పి, తర్వాత నకిలీ రోగులను పంపి పరీక్షించారు. 2016లో ఫలితాలొచ్చాయి. రోగాన్ని సరిగ్గా చూడడం కొంత మెరుగైంది. అక్కర్లేని మందులు ఇవ్వడం మాత్రం తగ్గలేదు. క్లాసు తలకెక్కింది గానీ సంచి మారలేదు. పంతులు గారి మాట అందుకే నాకు నచ్చింది.

నాటింగ్‌హామ్_సిస్టర్ | మంగళవారం తెల్లవారుజాము 3:20

మాది వరంగల్ మట్టెవాడ. ఆరేళ్లుగా ఇంగ్లండ్‌లో నర్సుగా చేస్తున్నాను. ఈ దేశంలో 2006 నుంచి ప్రత్యేక కోర్సు పాసైన నర్సులు, ఫార్మసిస్టులు సొంతంగా మందులు రాస్తున్నారు. నేనూ రాస్తాను. మొదటిసారి సంతకం పెట్టేటప్పుడు చెయ్యి వణికింది. ఎంజీఎంలో ట్రైనింగ్ చేసినప్పుడు పెన్ను అడిగితే "నీకెందుకు?" అన్నవాళ్లు గుర్తొచ్చారు.

అయితే ఇది చూసి "అక్కడ నర్సులు రాస్తారు కదా, ఇక్కడ కూడా రాయనివ్వండి" అనకండి. నాకు తెలిసిన రోగాలకే రాస్తాను, తెలియనిది రాస్తే నా రిజిస్ట్రేషన్ పోతుంది. మందులు రాసే అర్హత ఉందని నర్సుల రిజిస్టర్‌లో నా పేరు పక్కన ఉంటుంది, ఎవరైనా ఇంటర్నెట్‌లో చూసుకోవచ్చు. నేను రాసిన ప్రతి మందుకూ నా పేరు మీద లెక్క ఉంటుంది. పోయిన ఏడాది యాంటీబయాటిక్ ఒకటి ఎక్కువ రాశానని కూర్చోబెట్టి అడిగారు. సిగ్గేసింది గానీ అడిగేవాళ్లు ఉన్నారు.

మోడరేటర్ | మంగళవారం ఉదయం 9:00

ఒక సభ్యుడు ఆ ఆర్ఎంపీ ఎవరో ఊహించి పేరు రాశారు. తీసేశాం. మళ్లీ రాస్తే ఖాతా ఆపేస్తాం.

చిట్టీ_ఉంటేనే_మందు | మంగళవారం మధ్యాహ్నం 1:15

నాటింగ్‌హామ్ సిస్టర్ మాట చదివాక ఇవాళ ఒక పని చేశాను. ఖాళీ స్ట్రిప్‌తో వచ్చిన మొదటాయనను "ఈ గోలీ మొదట ఎవరు రాశారు?" అని అడిగాను. తెలియదన్నాడు. ఎందుకు వేసుకుంటున్నావంటే "మా బావకు తగ్గింది" అన్నాడు. బావకు ఏముండేనో అదీ తెలియదు. ఇవ్వలేదు. పక్క షాపుకు పోయాడు, నేను చూస్తూనే ఉన్నాను.

వర్ధన్నపేట_పోరడు | బుధవారం రాత్రి 8:50

అందరికీ థాంక్స్. అన్నీ రెండుసార్లు చదివాను, బాపుకు కూడా చదివి వినిపించాను. కేసు వద్దంటున్నాడు. "రేపు నాకు గుండె పట్టుకుంటే హన్మకొండ నుంచి వస్తరా వీళ్లు?" అన్నాడు. ఇంకా ఏమీ నిర్ణయించుకోలేదు. రెండేళ్లు టైముందని చెప్పారు కాబట్టి తొందరపడను.

నిన్న సాయంత్రం ఆర్ఎంపీ సారు ఇంటికి పోయాను. గొడవకు వచ్చాననుకున్నాడు. వాళ్లావిడ టీ తెచ్చి పెట్టి, లోపలికి పోకుండా తలుపు దగ్గరే నిలబడింది. "సార్, డాక్టర్ అడుగుతున్నాడు, ఏం వేశారో రాసివ్వండి చాలు" అన్నాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత పిల్లవాడి నోటుబుక్కులోంచి తెల్ల కాగితం చింపి రాశాడు. తేదీ, బాపు పేరు, వయసు. డైక్లోఫెనాక్ 3 ఎంఎల్, డెక్సామెథాసోన్ 2 ఎంఎల్, కుడి పిర్ర. అక్షరాలు గుండ్రంగా, చదవడానికి వీలుగా ఉన్నాయి. ఆయన చేతిరాత నేను చూడడం అదే మొదటిసారి.

కింద సంతకం పెట్టి, పేరు రాశాడు. పేరు కింద ఏం రాయాలో తోచక పెన్ను అలాగే పట్టుకుని కూర్చున్నాడు. చివరికి సెల్ నంబర్ రాసి ఇచ్చాడు.

నరాల పరీక్ష వచ్చే బుధవారం. రిపోర్టు రాగానే ఇక్కడే పెడతాను.